జీతం కంటే ముందు మంచం అడగండి

సోంపేట, కంచిలి, కవిటి వైపు టీ కొట్ల దగ్గర కువైట్, కతర్, సౌదీ పేర్లు పక్క ఊళ్ల పేర్లంత మామూలుగా వినిపిస్తాయి. వెల్డరు, ఫిట్టరు, రిగ్గరు, హెల్పరు... పని ఏదైనా కుర్రాళ్లు ముందు అడిగేది ‘జీతమెంత?’ అనే. ఉండే చోటు సంగతి విమానం దిగాక గుర్తొస్తుంది. ఈ వరస మార్చుకోవాలి.

మొదట పాస్‌పోర్టు తీసి చూసుకోండి. పదో తరగతి పాసవ్వనివాళ్లకు సాధారణంగా దాని మీద ఈసీఆర్ అని ఉంటుంది. వీళ్లు గల్ఫ్ సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఉండాల్సిందే. ‘విజిట్ వీసా మీద ఎక్కెయ్, అక్కడ మార్పించేద్దాం’ అనేవాడు దాన్ని ఎగ్గొట్టడానికే ఆ మాటంటాడు. క్లియరెన్సుతోపాటు 10 లక్షల ప్రమాద బీమా కూడా పోతుంది. ఆ బీమాకి రెండేళ్ల ప్రీమియం 275 రూపాయలే.

తర్వాత ఏజెంటు. లైసెన్సు నంబరు అడిగి ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్లో సరిచూడండి. ఊళ్లో తిరిగే సబ్ ఏజెంటుకి లైసెన్సు ఉండదు. ఉన్న ఏజెంటైనా ఫీజు కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. రసీదు ఇవ్వనంటే లేచి వచ్చేయండి. పూర్వం రంగూన్ ఓడెక్కే కూలీలకి మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి అప్పులో బిగించేవాడు. ఇప్పుడు బంగారం కుదువపెట్టి మనమే ఎదురు ఇచ్చుకుంటున్నాం!

ఇక ఆఫర్ లెటరు. పని గంటలు, ఓటీ, టికెట్టు అందరూ చూస్తారు. మూల వేతనం, గది, తిండి విడివిడిగా రాశారా అన్నది చూసేవాళ్లు తక్కువ. కతర్‌లో 2021 మార్చి నుంచి కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. కంపెనీ గది ఇవ్వకపోతే మరో 500, తిండి పెట్టకపోతే మరో 300 చేతికివ్వాలి. కాబట్టి ‘జీతం 1,800, గదీ తిండీ నువ్వే చూసుకో’ అన్నాడంటే చట్టం ప్రకారం ఇవ్వక తప్పనిదే ఇస్తున్నాడు, పైసా ఎక్కువ కాదు. గదీ తిండీ తనే పెట్టి 1,200 ఇస్తానన్నవాడు అంతకన్నా నయం. అంకె చిన్నదని వదిలేస్తారు మనవాళ్లు.

గది కంపెనీదైతే ఎంతమందికి ఒక గది, సైటుకి బస్సు ఉందా అని అడగండి. అంతటితో ఆగకండి. ఆ క్యాంపులో ఉన్న మన ఊరివాడెవరైనా దొరికితే వీడియో కాల్ చేసి మెట్లు చూపించమనండి. ‘బావా, మీ మేడమీది తలుపుకి తాళమేసేత్తారేటి?’ అంటే నవ్వుతాడు, నవ్వనివ్వండి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం అంటుకుని దాదాపు 50 మంది పోయారు. వాళ్లలో సోంపేట మండలం మనిషి ఒకరు. మంట కింద మొదలైంది, పైకెక్కిన పొగ ఎక్కువమంది ప్రాణం తీసింది. మేడమీదికి వెళ్లే తలుపుకి తాళం ఉందని, గదుల మధ్య అడ్డుగోడలు తేలిగ్గా అంటుకునే సరుకుతో కట్టారని తర్వాత బయటపడింది.

సొంతంగా బెడ్ స్పేస్ తీసుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ఒకే హాలుని ప్లైవుడ్‌తో నాలుగు ముక్కలు చేసి, మంచం మీద మంచం వేసి అద్దెకిస్తారు. చవకే. కానీ వంట ఎక్కడ చేస్తారో, గ్యాస్ బండ ఎక్కడ పెడతారో కళ్లారా చూసి గానీ డబ్బు కట్టకండి. మొదటిసారే రెండు మూడు నెలల అద్దె అడిగితే ఒక నెలకే ఒప్పించండి.

బయల్దేరే ముందు కాంట్రాక్టు, వీసా, పాస్‌పోర్టు ఫొటోలు ఇంట్లోవాళ్ల ఫోన్లోకి పంపండి. దిగిన రోజే క్యాంపు చిరునామా, గది నంబరు కూడా పంపండి. ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090 అమ్మ ఫోన్లో కూడా సేవ్ చేసి పెట్టండి.