'బై వాక్' కాదు, 'ఆన్ ఫుట్': క్రియారీతిని తెలుపు ఆంగ్ల పదబంధములు

ఉద్యోగార్థి చేతికి వచ్చు తొలి దరఖాస్తు పత్రమునందే ఇంగ్లీషు భాష తన స్వభావమును కొంత బయటపెట్టుచుండును. పత్రమును 'ఇన్ క్యాపిటల్ లెటర్స్' నింపవలెననియు, 'ఇన్ బ్లాక్ ఇంక్' వ్రాయవలెననియు, రుసుమును 'ఇన్ క్యాష్' గాని 'బై డిమాండ్ డ్రాఫ్ట్' గాని చెల్లింపవలెననియు, తుదకు దానిని 'ఇన్ పర్సన్' గాని 'బై పోస్ట్' గాని అందజేయవలెననియు సూచనలుండును. నింపుట, వ్రాయుట, చెల్లించుట, అందజేయుట అను పనులు ఏ రీతిని జరుగవలెనో తెలుపు భారమంతయు ఈ చిన్న పదబంధములే వహించుచున్నవి. ముందు ప్రిపోజిషనును, దాని వెంట నామమును నిలిచి ఏర్పడు ఇట్టి కూర్పునకు ప్రిపోజిషనల్ ఫ్రేజ్ అని పేరు; 'ఎట్లు?' అను ప్రశ్నకు బదులు చెప్పునపుడు అది యాడ్వెర్బ్ చేయవలసిన పనినే చేయును.

మన భాషలో ఈ కార్యమును విభక్తి ప్రత్యయములును, 'గా' అను చేర్పును నిర్వహించును. చిన్నయసూరి బాలవ్యాకరణమున తృతీయావిభక్తికి చెప్పిన చేతన్, చేన్, తోడన్, తోన్ అనునవి నామమునకు వెనుక చేరును. ఇంగ్లీషు ప్రిపోజిషన్ నామమునకు ముందు నడచును. ఈ స్థానభేదము విద్యార్థికి త్వరలోనే అలవడును గాని, అసలు చిక్కు వేరొకచోట కలదు. ఏ ప్రిపోజిషన్ రావలెనో పెక్కుతావుల దాని వెంట వచ్చు నామమే నిర్ణయించును. కేర్ అను నామము 'విత్'ను కోరును. సైలెన్స్ 'ఇన్'ను, మిస్టేక్ 'బై'ని, పర్పస్ 'ఆన్'ను, ర్యాండమ్ 'ఎట్'ను కోరును. ఇందులకు హేతువు వెదకబోయిన విద్యార్థికి కాలహరణమే ఫలము. నామమును దాని ప్రిపోజిషన్‌తో కూడ ఒకే మాటవలె నోటికి అలవరచుకొనుటయే మేలు.

తెలుగు ప్రత్యయమును మనసులో నిలుపుకొని ఇంగ్లీషు మాటాడువాడు ఎచ్చట తొట్రుపడునో, పోటీ పరీక్షలలో తప్పులు పట్టుమను ప్రశ్నలు కూర్చువారికి బాగుగా తెలియును. 'కాలినడకన వచ్చితిని' అనుటకు మనలో అనేకులు 'ఐ కేమ్ బై వాక్' అందురు. బై బస్, బై ట్రెయిన్ అను ప్రయోగముల సాదృశ్యమే ఆ దోషమునకు మూలము. అచ్చట 'ఆన్ ఫుట్' అనవలెను, లేదా అంతకంటె సహజముగా 'ఐ వాక్‌డ్' అని ఊరకొనవలెను. 'బస్సులో వచ్చితిని' అను వాక్యమునందలి 'లో' మనలను 'ఇన్ బస్' అనుటకు పురికొల్పును. ఇంగ్లీషువారి వాడుక 'బై బస్'. అయినను ఇందొక సూక్ష్మము కలదు. 'బై' వెంట వచ్చు వాహనము పేరు ఎ, ద, మై వంటి మాటలను దరిచేరనీయదు. ఏలయన అది ప్రయాణపు తీరును చెప్పునే గాని ఫలానా బండిని చెప్పదు. కావున 'బై కార్' సాధువు, 'బై మై కార్' అసాధువు. సొంత బండి అని చెప్పదలచినచో 'ఇన్ మై కార్' అనవలసినదే. 'నల్లసిరాతో', 'కలముతో' అను రెంటికిని మనకు ఒక్క 'తో' చాలును. ఇంగ్లీషున చేతబట్టిన పనిముట్టునకు 'విత్' వచ్చి 'విత్ ఎ పెన్' అగుచుండగా, వ్రాత ఏ సిరాలో కనబడునో చెప్పునపుడు 'ఇన్ బ్లాక్ ఇంక్' అగును. గట్టి గొంతుతో పలుకుట 'ఇన్ ఎ లౌడ్ వాయిస్'. ఒకరి సహాయముతో చేయుట 'విత్ ద హెల్ప్ ఆఫ్' గాని 'బై ద హెల్ప్ ఆఫ్' కాదు.

యాడ్వెర్బే ఉన్నపుడు ఈ పదబంధములేల యని కొందరు శంకింపవచ్చును. ఫ్రెండ్లీ వంటి విశేషణముల నుండి వాడుకలో నిలిచిన యాడ్వెర్బ్ పుట్టదు గనుక 'ఇన్ ఎ ఫ్రెండ్లీ వే' అనక తప్పదు. మరికొన్నిచోట్ల అర్థమే మారును: 'షార్ట్‌లీ' యనగా త్వరలో, 'ఇన్ షార్ట్' యనగా క్లుప్తముగా. అయితే 'హేస్టిలీ' యని ఒక్క మాటతో తీరుదానిని 'ఇన్ ఎ హేస్టీ మానర్' అని సాగదీయుట కచేరీ భాషకు పట్టిన జాడ్యము. 'విత్ డ్యూ రెస్పెక్ట్ ఐ బెగ్ టు స్టేట్' అని నేటికిని అర్జీలు మొదలిడువారు దొరలేలిన కాలపు వినయమును వృథాగా మోయుచున్నారని నా అభిప్రాయము.

స్థానము విషయమున చెప్పవలసినది స్వల్పము. క్రియకును కర్మకును నడుమ ఈ పదబంధమును దూర్చరాదు. 'షీ ఆన్సర్డ్ ద క్వశ్చన్ విత్ కాన్ఫిడెన్స్' అని కర్మ ముగిసిన పిదప రీతిని, ఆపై స్థలమును, ఆపై కాలమును చెప్పుట సాధారణ క్రమము.

అభ్యాసమునకు నిఘంటువును మించిన గురువు లేడు. ఎ. ఎస్. హార్న్‌బీ జపానులో తన సహచరులతో కూడి, ఇంగ్లీషు నేర్చుకొను విదేశీయుల కొరకై రచింపగా 1942లో టోక్యోలో వెలువడి, 1948లో ఆక్స్‌ఫర్డ్ ముద్రణాలయము మరల ప్రకటించిన నిఘంటువు, పలుమార్లు సంస్కరింపబడి నేటికిని విద్యార్థుల చేతులలో ఉన్నది. అందు ప్రిపోజిషన్ క్రింద వెదకిన పుటలకొలది అర్థములు కానవచ్చి తల తిరుగును. నామము క్రింద వెదకినచో కావలసిన జంట ఉదాహరణ వాక్యముతో సహా లభించును.

ఇక ఇంటర్వ్యూ మాట. పూర్వపు కొలువులో ఏమి చేసితివని అడిగినపుడు 'ఐ వర్క్‌డ్ విత్ ఫుల్ డెడికేషన్' అని బదులిచ్చు అభ్యర్థి దోషము లేని ఇంగ్లీషే పలికినను, వినువారికి కొత్తగా తెలిసినదేమియు ఉండదు. అంతకుముందు వచ్చినవాడును ఆ మాటనే చెప్పియుండును. 'బై' వెంట 'ఇంగ్' అంతమందు గల క్రియను నిలిపి, ఫిర్యాదులను 'బై కాలింగ్ ఈచ్ కస్టమర్ ద సేమ్ ఈవినింగ్' పరిష్కరించితినని చెప్పినచో పని తీరు కన్నులకు కట్టును. అంతియేగాక, ఎందరికి ఫోన్ చేసితివి, పలుకనివారి సంగతి ఏమి చేసితివి అను తరువాతి ప్రశ్న ఆ పదబంధమునుండియే పుట్టును. కనుక నిజముగా చేసిన పనిని, రెండు మూడు ఎదురుప్రశ్నలకు తడుముకొనక బదులు చెప్పగల పనిని మాత్రమే ఆ 'బై' వెనుక నిలుపవలెను.