రేడియోలో మాట తేటగా వినబడుట ఎట్లు?

ఎకరమునకు ఇరవై కిలోల ఎరువు వేయుడని రేడియోలో చెప్పగా, వినువానికి అది అరవై కిలోలుగా తోచినచో ఆ ప్రసారము వలన రైతునకు కలుగునది నష్టమే. ఈ రెండు మాటలకు భేదము మొదటి అక్షరమునందే కలదు. ఆ అక్షరము కాస్త మెల్లగా పలికినను, గరగర శబ్దములో కలిసిపోవును. అప్పుడు మనము చేయు పని యేమి? సెట్టు బొత్తామును త్రిప్పి ధ్వనిని పెంచెదము. మాటతోపాటు గరగర కూడ పెరుగును.

మనుష్యుని గుసగుస సుమారు 30 డెసిబెళ్ళు, మామూలు సంభాషణ సుమారు 60 డెసిబెళ్ళు ఉండును. డోలు, సన్నాయి అంతకంటె ఎంతో హెచ్చు. ఈ హెచ్చుతగ్గులన్నిటిని ఉన్నవి ఉన్నట్లు పంపినచో సన్నని మాట వినబడదు; పెద్ద ధ్వని పగిలిపోవును. కాలువపై లస్కరు చేయు పనిని మనమందరము ఎరుగుదుము. ప్రవాహము హెచ్చినపుడు తూము తలుపు దించును, తగ్గినపుడు ఎత్తును. అట్లయిననే చివరి పొలమునకు నీరందును. రేడియో కేంద్రములో ఈ పని చేయు యంత్రమునకు కంప్రెసర్ అని పేరు. హద్దుకు మించి 12 డెసిబెళ్ళు పెరిగిన ధ్వనిని 3 డెసిబెళ్ళకే పరిమితము చేయునట్లు దానిని అమర్చవచ్చును. పిదప మొత్తమును పైకెత్తుదురు. దానితో మెల్లని అక్షరమును చెవికందును. పూర్వము ఇంజనీరు బొత్తాముపై చేయి వేసి కూర్చుండి ఈ పని చేసెడివాడు. 1975లో అమెరికాలో వచ్చిన ఆప్టిమాడ్ 8000 వంటి యంత్రములు ఎఫ్.ఎం. కేంద్రములలో ఆ శ్రమను చాలవరకు తగ్గించినవి.

అయితే తలుపును అతిగా బిగించుట కూడ తప్పే. తమ కేంద్రమే అందరికంటె గట్టిగా వినబడవలెనని పోటీపడి నొక్కినచో, అంతయు ఒకే మట్టమున మ్రోగి కొంతసేపటికి చెవి అలసిపోవును. మాటల నడుమ విరామములో ఫంకా చప్పుడు, వక్త ఊపిరి కూడ పైకి లేచును. వీణ కచ్చేరీని అట్లు నొక్కి వినిపించుట అన్యాయమని మా అభిప్రాయము. మాటకు మాత్రము మితమైన నొక్కు మేలే చేయును.

మీడియం వేవ్‌లో మరియొక చిక్కు కలదు. ఇక్కడ కేంద్రమునకు కేంద్రమునకు నడుమ ఎడము 9 కిలోహెర్ట్జ్ మాత్రమే. కావున సెకనుకు సుమారు నాలుగున్నర వేల కంపనములకు పైబడిన ధ్వనులు చాలవరకు వినరావు. స, శ వంటి అక్షరముల పదును అచ్చటనే ఉండును. ఎఫ్.ఎం. పదిహేను వేల వరకు మోయగలదు.

ఇక రెండవ విధమగు కుదింపు ఫోనులోనిది. దీనికిని మొదటిదానికిని పేరొకటే గాని పని వేరు. సీడీలో సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లుండు ధ్వనిని ఎం.పి.3 పద్ధతిలో 128 కిలోబిట్లకు, అనగా పదకొండవ వంతునకు తగ్గింపవచ్చును. తిరునాళ్ళలో డప్పు మ్రోగునపుడు ప్రక్కవాని మాట వినబడదు గదా! అట్లు పెద్ద ధ్వని చాటున మరుగుపడు చిన్న ధ్వనులను ఈ పద్ధతి తీసివేయును. ఒకమారు తీసినచో చెవికి అంతగా తెలియదు. కుదించినదానినే మరల మరల కుదించినచో మాట నీటిలోనుండి వచ్చినట్లుండును. తీసివేసినది తిరిగి రాదు.

నేటి సంగారెడ్డి జిల్లాలోని మాచ్‌నూర్‌లో 2008లో సంగం రేడియో ప్రారంభమైనది. అట్టి సామాజిక రేడియోలకు పంచాయతీ ప్రకటనలను ఫోనులో రికార్డు చేసి పంపు సభ్యులు కొన్ని విషయములు గమనింపవలెను. ఫంకా ఆపి, కిటికీలు మూసి, జానెడు దూరమున మైకును కొంచెము ప్రక్కగా ఉంచుకొని పలుకవలెను. చేతులు మారివచ్చిన రికార్డును పంపక, మొదటి ఫైలునే పంపవలెను. అంకెను "ఇరవై, రెండు సున్న" అని రెండు విధముల చెప్పవలెను. ప్రసారమునకు ముందు ఆ రికార్డును, పోపు చిటపటలాడు వంటింటిలో చిన్న సెట్టుపై ఒక ముదుసలికి వినిపించి, ఆ అంకెలను వారిచేతనే తిరిగి చెప్పింపవలెను.