నక్షత్రం ప్లేటు

రాయవరం గోదావరి కాలువల కింద వరి పండే ఊరు. అక్కడ ఒక ఇంట్లో పండక్కి అటక దులుపుతున్నారు అనుకుందాం. ఒక పాత పెట్టె దిగింది. దాని నిండా పాటల ప్లేట్లు. అన్నీ నల్లగా, గుండ్రంగా ఉన్నాయి. ఒక్కటి మాత్రం రంగు బొమ్మతో నక్షత్రంలా ఉంది. ఎప్పుడో మరిది దుబాయి నుంచి తెచ్చాడు.

వీధిలో పాత సామాన్లు కొనేవాడి కేక వినిపించింది.

"అన్నీ ఇచ్చేద్దామే. ఈ కోణాలదైతే అసలు పాడనే పాడదు" అంది అత్త.

"ఉండండి అత్తయ్యగారూ! వాటి మీద ఏం రాసుందో చూద్దాం" అంది కోడలు.

అత్త మాట నిజమేనా?

పాట ఎక్కడ ఉంటుంది?

ప్లేటు మీద సన్నని గాడి ఉంటుంది. చేలో నాగలి చాలు లాంటిదే. కాని వెంట్రుకంత సన్నం. అది చుట్లు తిరుగుతూ బయటి నుంచి మధ్యకు వస్తుంది. గాడి గోడలకు చిన్న చిన్న వంకరలు ఉంటాయి. ఆ వంకరలే పాట. ప్లేటు తిరుగుతుంటే ముల్లు గాడిలో నడుస్తుంది. వంకరల వల్ల అదురుతుంది. ఆ అదురే మనకు పాటగా వినిపిస్తుంది.

నక్షత్రం ప్లేటులో కూడా గాడి గుండ్రమే. అది నడిమి భాగంలో ఉంటుంది. కోణాలు అందం కోసమే. వాటిలో పాట ఉండదు. కాబట్టి అది పాడుతుంది. అయితే పాట కొంచెమే పడుతుంది. ముల్లును చేత్తో పట్టుకుని గాడి మొదట్లో పెట్టాలి. అంచున వదిలితే కోణాల మధ్య ఖాళీలో పడి ముల్లు పాడవుతుంది.

ఇలాంటి షోకు ప్లేట్లను 1980లలో విదేశాల్లో అమ్మేవారు.

మాటలు లేని బాణీ

నక్షత్రం మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి. బడికెళ్ళే కూతురు చదివింది. అది మాటలు లేని పాత గిటారు బాణీ.

"మాటలు లేకపోతే ఎవరు వింటారే?" అంది అత్త.

వింటారు. 1962లో ఇంగ్లండులో టోర్నడోస్ అనే బృందం 'టెల్‌స్టార్' అనే బాణీ వాయించింది. ఆ ఏడాదే ఆకాశంలోకి పంపిన ఉపగ్రహం పేరు దానికి పెట్టారు. ఎన్నో దేశాలు విన్నాయి. అందులో క్లేవియోలిన్ అనే కరెంటు వాద్యం మోగుతుంది. 1954లో వచ్చిన 'నాగిన్' హిందీ సినిమాలో పాములవాడి బూర బాణీ ఉంది. దాన్ని కల్యాణ్‌జీ వాయించింది కూడా క్లేవియోలిన్ మీదే. ఆ బాణీని మన పెళ్ళి బ్యాండ్లు ఇప్పటికీ వాయిస్తాయి. మాటలు లేకపోయినా మనకు తెలుసు కదా!

నల్ల ప్లేట్ల సంగతి

నల్ల ప్లేట్లలో కొన్నింటి మీద 78 అని ఉంది. అంటే నిమిషానికి 78 చుట్లు తిరుగుతాయి. అవి లక్కతో చేసినవి. పడితే పెంకులా పగులుతాయి. మన దేశంలో 1970 ప్రాంతంలోనే వీటి తయారీ ఆగిపోయింది.

పాత గాయకులు ఎందరివో గొంతులు ఇలాంటి ప్లేట్లలోనే మిగిలాయి. 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని పాటలు ప్లేట్లకెక్కాయి. పాట చివర ఆమె తన పేరు తానే చెప్పేది. నూరేళ్ళు దాటినా ఆ పేరు వినబడుతోంది.

కోడలు ఒక నల్ల ప్లేటు తుడిచింది. మధ్య కాగితం మీద తెలుగు అక్షరాలు. కూడబలుక్కుని చదివింది. నాటకం పద్యాలు! అత్త చిన్నప్పుడు పందిట్లో విన్నవే.

"వీటిని అమ్మొద్దులే" అంది అత్త.

ప్లేట్లను మెత్తని గుడ్డతో తుడవాలి. ఎండ తగలనివ్వకూడదు. ఒకదాని మీద ఒకటి పేర్చకుండా నిలబెట్టాలి.

మాట్లాడుకుందాం

1. నక్షత్రం ప్లేటు ఎలా పాడుతుంది?
2. మాటలు లేని బాణీ మీకు ఏది తెలుసు?
3. మీ ఇంట్లో పాత వస్తువులు అమ్మే ముందు ఏం చదివి చూస్తారు?

రాయండి: గాడి, ముల్లు, బాణీ, లక్క, మీ పేరు.