వాగు దాటాక రివర్స్ లైటు వెలగడం లేదా?
సందేహాలు - సమాధానాలు

సందేహం: నాది పాత మోడల్ తార్. సంతకు వెళ్లే దారిలో వాగు దాటాలి. వానలు మొదలైనప్పటి నుంచి రివర్స్ లైట్లు రెండూ వెలగడం లేదు. రివర్స్‌లో వస్తూ గతుకు మీద బండి కుదిపితే మాత్రం ఒక్కోసారి వెలిగి ఆరిపోతున్నాయి. బల్బులు మార్చాం, ఫలితం లేదు. ఇప్పుడు స్విచ్ మార్చాలంటున్నారు. మార్పించమంటారా?
- ఒక పాఠకుడు, పాడేరు

సమాధానం: అప్పుడే వద్దు. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. రెండు బల్బులూ ఒకేసారి మాడిపోవడం అరుదు. రెండూ ఒక్కసారే ఆగాయంటే, వాటికి ఉమ్మడిగా కరెంటు వెళ్లే దారిలో లోపం ఉన్నట్టు. ఆ దారిలో ఉండేవి ఫ్యూజ్, గేర్‌బాక్స్ మీది రివర్స్ స్విచ్, వాటిని కలిపే వైరింగ్. కుదుపుకు వెలుగుతున్నాయి కాబట్టి ఫ్యూజ్ కాలిపోలేదు. ఎక్కడో ఒక కనెక్షన్ వదులైంది, లేదా చిలుము పట్టింది. వాగు నీళ్లూ బురదా నేరుగా తగిలేది గేర్‌బాక్స్ దగ్గరి కప్లర్‌కే. నా మొదటి అనుమానం దాని మీదే.

బండిని చదును నేల మీద ఆపి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగండి. ఇంజిన్ ఆపేసి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి రివర్స్ గేరు వేయండి. బండి గేరులో ఉంటుంది కనుక తాళాన్ని పొరపాటున స్టార్ట్ దాకా తిప్పితే వెనక్కి గెంతుతుంది. మీరు కింద ఉన్నంతసేపూ డ్రైవరు సీట్లో పిల్లల్ని కూర్చోనివ్వకండి. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందకు దూరకండి.

గేర్‌బాక్స్‌కు బోల్టులా బిగించి, రెండు వైర్లు తగిలించి ఉండేదే రివర్స్ స్విచ్. గేరు పడగానే లోపలి పిన్ను నొక్కుకుని ఆ రెండు వైర్లనూ కలుపుతుంది, అంతకు మించి దానికి పని లేదు. ఫోర్ వీల్ గుర్తు దీపం కోసం ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఇలాంటిదే ఇంకో స్విచ్ ఉండవచ్చు. దాన్ని విప్పి కూర్చోకండి. రివర్స్ స్విచ్ కప్లర్ విడదీసి, వైరింగ్ వైపున్న రెండు కొసల్నీ చిన్న వైరు ముక్కతో కలపండి. లైట్లు వెలిగాయా? అయితే అక్కడి నుంచి బల్బుల దాకా అంతా బాగున్నట్టే. లోపం స్విచ్‌లో ఉండాలి, లేదా కప్లర్ పిన్నుల్లో. పిన్నులకు పచ్చని చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, సన్నని బ్రష్‌తో రుద్ది, వదులైన పిన్నును కాస్త బిగించి మళ్లీ తగిలించి చూడండి. అప్పటికీ వెలగకపోతేనే కొత్త స్విచ్ కొనండి. పాతది విప్పగానే కొన్ని గేర్‌బాక్సుల్లో ఆయిలు కారుతుంది, కింద డబ్బా పెట్టుకోండి. ఆ ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే మాత్రం లైటు సంగతి పక్కన పెట్టి ముందు ఆయిలు మార్పించండి. వేడి మీదున్న గేర్‌బాక్స్ చల్లని వాగులో దిగితే బ్రీతర్ గొట్టం గుండా నీళ్లు పీల్చుకుంటుంది. గేర్లకు అది ప్రాణాంతకం.

కొసలు కలిపినా వెలగకపోతే టెస్టింగ్ బల్బు తీసుకుని ఒక వైరు చాసిస్‌కు, రెండోది కప్లర్‌లోని ఒక్కో కొసకు తాకించండి. ఒక కొస దగ్గర బల్బు వెలగాలి. ఎక్కడా వెలగకపోతే ఫ్యూజ్ పెట్టె నుంచి స్విచ్ దాకా వచ్చే వైరు చూడాలి. వెలిగితే స్విచ్ నుంచి వెనక్కి వెళ్లే వైరు, ఆ తర్వాత ఎర్త్ చూడాలి.

ఇక్కడ మల్టీమీటర్‌ను గుడ్డిగా నమ్మకండి. వైరు లోపల ఒక్క పోగు మిగిలి ఉన్నా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే అది తీసుకునే కరెంటు దాదాపు సున్నా. 21 వాట్ల బల్బుకు సుమారు 1.75 ఆంపియర్లు కావాలి, అంత కరెంటు ఆ ఒక్క పోగులో సరిగా పారదు. అందుకే బల్బు పెట్టి పరీక్షించమంటున్నాను. మెకానిక్ మీటరు చూపించి "కరెంటు వస్తోంది సార్" అన్నా మీరు బల్బు పెట్టి చూడమనండి.

ఈ పద్ధతి మీలాంటి పాత బండ్లకే. కొత్త వాటిలో రివర్స్ సంకేతం కంప్యూటర్‌కు వెళ్లవచ్చు. వాటిలో వైర్లు కలపడం లాంటి ప్రయోగాలు చేయకండి.

లైటు బాగయ్యేదాకా చీకట్లో మనిషి సాయం లేకుండా వెనక్కి తీయొద్దు. ఆ మనిషి కూడా సరిగ్గా బండి వెనక కాకుండా, మీ అద్దంలో కనిపించేలా పక్కకు నిలబడాలి. కనిపించకపోతే వెంటనే బ్రేకు వేయండి. ఘాట్ రోడ్డు మలుపులో ఈ ఒక్క జాగ్రత్త ప్రాణం కాపాడుతుంది.

సందేహం: మా జిప్సీకి రివర్స్ గేరు వేయగానే ఫ్యూజ్ పోతోంది. పెద్ద ఫ్యూజ్ వేస్తే సరిపోతుందా?
- ఒక రైతు, ఆత్మకూరు

సమాధానం: దయచేసి వేయకండి. ఫ్యూజ్ వైరును కాపాడుతోంది. పెద్దది వేసినా, సిగరెట్ పెట్టెలోని మెరుపు కాగితం చుట్టినా ఈసారి కాలేది వైరే. దాని పక్కనే పెట్రోలు గొట్టం ఉండవచ్చు.

ముందు ఎవరైనా బ్రేకు లైటు బల్బు తెచ్చి బలవంతంగా రివర్స్ లైటులో దూర్చారేమో చూడండి. రివర్స్ బల్బుకు పక్క పిన్నులు రెండూ ఒకే ఎత్తులో, అడుగున కాంటాక్టు ఒకటే ఉంటుంది. రెండు ఫిలమెంట్ల బ్రేకు బల్బుకు పిన్నులు ఎగుడుదిగుడుగా, కాంటాక్టులు రెండు ఉంటాయి.

అది కాకపోతే రివర్స్ బల్బులు రెండూ తీసేసి, ఫ్యూజ్ స్థానంలో 21 వాట్ల బల్బు కలిపి గేరు వేయండి. గేరు పడగానే ఆ బల్బు నిండుగా వెలిగితే షార్ట్ ఇంకా ఉన్నట్టు. ఇప్పుడు చాసిస్ వెంట వైరింగ్‌ను చేత్తో కదుపుతూ రండి. క్లిప్పుల దగ్గర, సైలెన్సర్ పక్కన, రేకు రంధ్రంలోంచి వైరు దూరే చోట నిదానంగా చూడండి. బల్బు ఆరిన చోటే ఒరుసుకుపోయిన వైరు దొరుకుతుంది. టేపు ఒక్కటే చుట్టి వదలకుండా రంధ్రానికి రబ్బరు తొడుగు కూడా వేయండి.

సందేహం: ఇండికేటర్ వేస్తే పక్కనున్న రివర్స్ లైటు కూడా మసకగా మిణుకుమంటోంది.
- ఒక పాఠకురాలు, ఉట్నూరు

సమాధానం: ఎర్త్ పోయింది. ఇండికేటర్ కరెంటు బాడీకి దారి దొరక్క రివర్స్ బల్బు గుండా తిరిగి వెళ్తోంది. ఆ లైటు నుంచి వచ్చే ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట విప్పి, పెయింటూ తుప్పూ పోయి తెల్లని లోహం కనిపించేదాకా గీకి, మళ్లీ బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి.

సందేహం: అడవి దారిలో వెనక బాగా కనిపించడానికి 60 వాట్ల లైటు కొన్నాను. రివర్స్ బల్బు వైరుకే కలపొచ్చా?
- ఒక పాఠకుడు, మారేడుమిల్లి

సమాధానం: నేరుగా కలపకండి. ఆ లైటు ఒక్కటే 5 ఆంపియర్లు లాగుతుంది. ఇప్పుడు స్విచ్ మోస్తున్నది రెండు బల్బులకూ కలిపి 3.5 ఆంపియర్లే. రిలే వాడండి. దాని పిన్నుల్లో 86కు రివర్స్ బల్బు వైరు, 85కు ఎర్త్, 30కి బ్యాటరీ నుంచి వచ్చే వైరు, 87 నుంచి లైటుకు. బ్యాటరీ పక్కనే 10 ఆంపియర్ల ఫ్యూజ్ పెట్టండి. విడిగా ఇంకో స్విచ్ పెట్టి ముందుకు వెళ్తున్నప్పుడు కూడా వెలిగించే ఆలోచన మానుకోండి. వెనకొచ్చే వాళ్ల కళ్లలో తెల్లని వెలుగు కొడితే వాళ్లకు దారి కనిపించదు. లైటును నేల వైపు వంచి బిగించండి, రాళ్లూ గోతులూ స్పష్టంగా తెలుస్తాయి.