మేత బీడులో ఔషధి మొక్కల జాడ

దాచేపల్లి ప్రాంతమున నల్లరేగడిలో ప్రత్తి, మిరప పండుచుండగా, సున్నపురాతిపై పలుచని మట్టి గల నేలలు బీడులుగా మిగిలినవి. ఇవి వట్టి నేలలు కావు. నీరు నిలిచిన ఓర్వని సునాముఖి వంటి మొక్కకు రేగడికంటె ఇట్టి చోటే మేలు.

ఏ మొక్క ఎచ్చట పెరుగగలదో ముందుగా అంచనా వేయు విధానములు నేడు కలవు. 2006లో ప్రకటింపబడిన మాక్సెంట్ పద్ధతిలో, మొక్క కనబడిన తావుల వర్షపాతము, ఉష్ణోగ్రత, నేల, వాలు పరిశీలించి, అట్టి పరిస్థితులే గల ఇతర ప్రదేశములను కంప్యూటరు పటముపై గుర్తించును.

అయితే తఱచుగా వాడు వాతావరణ పటములలో ఒక్కొక్క గడి సుమారు ఒక చదరపు కిలోమీటరు, అనగా 247 ఎకరములు. మీ పది ఎకరముల బీడు అందు కలిసిపోవును. మేకల మేతయు, రాతి క్వారీయు వాతావరణ లెక్కకు అందవు. మొక్కలను నమోదు చేసినవారు బాటల వెంటనే నడచియున్నచో పటము కూడ ఆ వైపే మొగ్గును. పసుల కాపరి ఎఱుక ఇచ్చట అక్కఱకు వచ్చును.

2002 నాటి జీవవైవిధ్య చట్టము క్రింద ఏర్పడు యాజమాన్య సంఘములు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు వ్రాయవలసియున్నవి. అందు మొక్క పేరుతోపాటు సర్వే నంబరు, నేల రంగు, చూచిన నెల చేర్చుడు. వెదకినను కనబడని తావులను కూడ వ్రాయుడు. బీడును వేఱొక పనికి ఇచ్చు తీర్మానమునకు ముందే ఈ పుటలు నిండవలెను. ఒక్క వేసవిలో చూచి ముగింపరాదు. నేలవుసిరి వంటివి వానలు పడిన పిమ్మటగాని కంటబడవు.