సంతాప దినములు – శరణుల ఆచరణ

డాక్టర్ మన్మోహన్ సింగ్ 2024 డిసెంబరు 26వ తేదీ రాత్రి దివంగతులైనప్పుడు, కేంద్ర ప్రభుత్వము జనవరి 1 వరకు జాతీయ సంతాప దినములుగా ప్రకటించినది. తెలంగాణ ప్రభుత్వము మరునాడు సెలవు నిచ్చినది. అట్టి దినములలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల లింగాయత కుటుంబములకు ఒక సందేహము కలుగుట సహజము. ముందే నిశ్చయించిన సభను, పల్లకి సేవను, దాసోహమును ఆపివేయవలెనా?

మొదట రాజాజ్ఞ యేమో చూడవలెను. సాధారణముగా ఆ ఉత్తర్వునందు ఉండునవి రెండే: జాతీయ పతాకమును అవనతము చేయుట, ప్రభుత్వ వినోద కార్యక్రమములు జరుపకుండుట. మఠములకు గాని గృహస్థులకు గాని అందు నిషేధము లేదు. పైగా పతాక నియమావళిలోనే ఒక విశేషము కలదు. సంతాప దినము స్వాతంత్ర్య దినముతోనో గణతంత్ర దినముతోనో కలిసినచో, పార్థివదేహమున్న భవనముపై తప్ప అన్యత్ర పతాకము అవనతము కాదు. రాజ్యము సైతము తన దుఃఖమునకు హద్దు గీచుకొన్నదన్నమాట.

కావున నిర్ణయము భక్తులదే. లింగధారికి జనన మరణాది పంచసూతకములు లేవు. సొంత ఇంట మరణము సంభవించినను ఇష్టలింగార్చన మానరాదు. ఇంటి మరణమునకు ఆగని పూజ రాజధానిలోని మరణమునకు ఆగవలెననుట పొసగదు.

అయితే సూతకము లేదనుట దుఃఖము లేదనుట కాదు. “మాకు సూతకము లేదు గదా” యని బాణసంచా కాల్చువారు ధర్మమును అడ్డుపెట్టుకొనువారే. సూతకము మైలకు సంబంధించినది. సంతాపము పొరుగువాని మనస్సుకు సంబంధించినది. పూజ సాగవలెను, ప్రవచనము సాగవలెను. మేళతాళముల ఊరేగింపు, సన్మానముల ఆర్భాటము వాయిదా వేసికొనవచ్చును. ఇవి మానినంత మాత్రమున తరుగునది మఠము ప్రతిష్ఠ కాదు, కొందరి పూలదండలు మాత్రమే.

దాసోహము సంగతి వేరు. అది విందు కాదు. దానిని రద్దుచేసినచో పస్తుండువాడు ఆకలిగొన్నవాడే. అట్లే ఊరేగింపు మానినను, వాద్యకారులకు, పందిరి వేయువారికి ఒప్పుకొన్న కూలి ఇచ్చివేయవలెను. సంతాపపు ఖర్చు మఠము భరింపవలెను గాని, వారి కాయకముపై మోపరాదు. ఈ విషయము తరచుగా ఎవరికిని తోచదు.

మరియొక సంగతి. 2025 ఆగస్టు 27, వినాయక చవితి నాడు, కామారెడ్డిలో కుంభవృష్టి కురిసినది. ఎల్లారెడ్డి ప్రాంతమున పోచారం జలాశయము పొంగి పొరలినది. అందులకు జాతీయ సంతాపమేమియు లేదు. పతాకము అవనతము కాలేదు గదా యని నీట మునిగిన వీధిలో మైకు పెట్టుట ఏ శరణునికి తగును? అట్టినాడు ఏ ఉత్తర్వు కొరకును ఎదురుచూడక ఉత్సవము నిలిపి, దాసోహపు గుండిగలను ఆ వీధులకే మోసికొనిపోవలెను.