పల్లెపాట యెవరిది?

అమెరికా దేశమున కొండపల్లెల జనుల పాటలనుండి పుట్టిన సంగీతశాఖ నొకదానిని ‘కంట్రీ మ్యూజిక్’ అందురు. మన భాషలో దానికి దగ్గఱి మాట పల్లెపాట, లేక జానపదగేయము. ఈ రెండును పొలమునను, ఇంటి ముంగిటను పుట్టి, పిమ్మట యంత్రముల మూలమున దేశదేశములకు వ్యాపించినవి. అట్లు వ్యాపించిన తెలుగుపాట నొకదానిని, మన సీమలో జన్మించిన గాయని పాడినదానిని, ఈ పాఠమున పరిశీలింతము.

ఆ పాట ‘సారంగదరియా’. దీని నెఱుగని బాలబాలికలు మన పాఠశాలలో లేరని మా నమ్మకము. పాడినది మంగ్లీ. ఆమె యసలు పేరు సత్యవతి రాథోడ్. గుత్తి ప్రాంతపు బసినేపల్లి తండాలో, లంబాడీ కుటుంబమున జన్మించెను. 2022లో జిల్లాలు విభజింపబడకమునుపు ఆ తండాయు, మన కనగానపల్లియు ఒకే అనంతపురము జిల్లాలోనివి. తిరుపతిలో కర్ణాటక సంగీత మభ్యసించి, హైదరాబాదు చేరి, టెలివిజను కార్యక్రమములలో తెలంగాణపు నుడికారముతో మాట్లాడి, పాడి, ప్రసిద్ధి గాంచినది. సీమబిడ్డ తెలంగాణపు యాసను అంత చక్కగ పలుకుట చూచి మేము ముచ్చటపడితిమి.

‘సారంగదరియా’ శేఖర్ కమ్ముల దర్శకత్వమున వెలువడిన ‘లవ్ స్టోరీ’ యను చలనచిత్రములోనిది. చిత్రము 2021 సెప్టెంబరులో విడుదలయ్యెను. పాట మాత్రము ఆ ఫిబ్రవరిలోనే విడిగా వెలువడి, చిత్రము రాకమునుపే యూట్యూబులో పదికోట్లకు మించిన వీక్షణములు పొందెను. పాటలో కొంత శృంగారచ్ఛాయ కలదు. దీనిని బడిపత్రికలో ప్రస్తావింపవలెనా యని తల్లిదండ్రులు కొందఱు అడుగవచ్చును. పొలములో పాడుకొను పాటలలో సగము ఇట్టివే. వానిని విడిచిపెట్టినచో చెప్పుటకు మిగులునది స్వల్పము.

ఇక అసలు ప్రశ్న. ఈ పాట యెవరిది?

చిత్రమునుబట్టి చూచిన సమాధానము సులభము. సాహిత్యము సుద్దాల అశోక్‌తేజ, సంగీతము పవన్, గానము మంగ్లీ. కాని దీని పల్లవి అంతకు మునుపే తెలంగాణ పల్లెలలో వినబడుచుండెను. కోమలి యను జానపదగాయని ముందుకు వచ్చి, ఆ పాటను తాను సేకరించి టెలివిజను కార్యక్రమమున ఇదివఱకే పాడితిననియు, తన పేరెక్కడను చెప్పలేదనియు వాపోయెను. పల్లవి ప్రజలదనియు, చరణములు తన రచనయనియు కవి బదులు చెప్పెను. వివాదము కొన్నిదినములు పత్రికలలో నడచినపిదప, ఆమెకు తగిన గుర్తింపు నిత్తుమని దర్శకుడు బహిరంగముగ తెలిపెను.

కవి చెప్పినదానిలో సత్యము లేకపోలేదు. నాట్లువేయు స్త్రీలను గమనింపుడు. ఒకతె పాట నెత్తుకొనును, తక్కినవారు పల్లవి నందుకొందురు. పల్లవి మాఱదు; చరణములు మాత్రము ఎత్తుకొనునామె ఇష్టము. మేస్త్రీ మీది యెత్తిపొడుపు, అత్తగారి గయ్యాళితనము, ఎదుటి గట్టున పోవు బాటసారి, ఏదైనను చరణమైపోవును. చేతిపని యెంతసేపో పాటయు నంతసేపు. ఇట్టి పాటకు క్రొత్త చరణములు కట్టుట దోషము కాదు, అదియే దాని సంప్రదాయము. ఇది గ్రామఫోను పలక కెక్కినప్పుడు మాత్రము స్థితి వేఱగును. నిమిషమునకు 78 మార్లు తిరుగు ఆ పాత పలకలలో ఒక్కొక్క ప్రక్కకు ఇంచుమించు మూడు నిమిషముల పాటయే పట్టెడిది. ఉదయమునుండి మధ్యాహ్నమువఱకు సాగు పాట మూడు నిమిషములకు కుదియును. పలకమీద పేరు పడును, పేరుతోపాటు హక్కును, ధనమును వచ్చును. పొలములో లేని ప్రశ్న అచ్చట పుట్టును.

అమెరికాలోను ఇదే జరిగెను. 1927 ఆగస్టులో టెన్నెస్సీ, వర్జీనియా రాష్ట్రముల సరిహద్దునగల బ్రిస్టలు పట్టణమున కార్టరు కుటుంబమువారు తొలిసారి పలకలకు పాడిరి. ప్రధానగాయని సారా కార్టరు. ఆమె భర్త ఏ. పీ. కార్టరు ఊరూర తిరిగి పాటలు సేకరించువాడు. అతనికి తోడుగ లెస్లీ రిడిల్ అను నల్లజాతి గాయకుడు తిరుగుచు, కార్టరు మాటలు వ్రాసికొనునంతలో తాను వరుసను మనసున పట్టుకొనెడివాడు. పలకలమీద మాత్రము కర్తగా కార్టరు పేరే కనబడెడిది. 1928లో సారా పాడిన ‘వైల్డ్‌వుడ్ ఫ్లవర్’ అను పాటను జనులు కర్త తెలియని పాత కొండపాటగనే యెంచిరి. నిజమునకు అది 1860లో అచ్చయిన పాట. వరుస కట్టినవాడు జోసెఫ్ ఫిల్‌బ్రిక్ వెబ్‌స్టరు. నోటినుండి నోటికి ప్రాకి మాటలు మాఱినవి, కర్త పేరు దారిలో జాఱిపోయినది. కనుక పల్లెపాటకు కర్త లేడనుటకంటె, కర్త పేరు పోగొట్టుకొంటిమనుట సమంజసమని మా యభిప్రాయము.

మన దేశమున ఈ పాటలను గౌరవముతో సభలకు తెచ్చినవారిలో వింజమూరి సోదరీమణులు అనసూయ, సీత ముఖ్యులు. రేడియోలోను, గ్రామఫోను పలకలమీదను వీరి కంఠములు తెలుగునాట మ్రోగినవి. 1920లో కాకినాడలో జన్మించి 2019లో అమెరికాలో మరణించిన అనసూయాదేవి పల్లెపాటలకు స్వరములు వ్రాసి పుస్తకరూపమున నిలిపెను. స్వరము వ్రాసియుంచినచో వరుస చెడదు. పాడినవారి పేరును అట్లే వ్రాసియుంచవలెను గదా!

ఇటీవల మేము ఎనిమిదవ తరగతివారిని ఇంటియొద్ద వినిన పాట నొకదానిని వ్రాసి తెండని కోరితిమి. ఒక బాలుడు తిరుగలిపాట నొకటి ముత్యములవంటి అక్షరములతో వ్రాసి, క్రింద తన పేరు పెట్టెను. ఎవరు పాడిరని యడిగితిమి. “మా అవ్వ సార్.” అవ్వ పేరేమి? బాలుడు తల గోకికొనెను. మఱునాడు పేరు తెలిసికొని వచ్చెను, కాని దానిని వ్రాయుటకు జంకుచుండెను. పాట తనది కాదని అవ్వ చెప్పినదట. చెనిక్కాయలు పెఱుకుటకు రామగిరినుండి వచ్చిన యొక కూలిమనిషి ఎత్తుకొనగా, వీరందుకొని నేర్చిరట. ఆమె పేరు అవ్వకు జ్ఞప్తి లేదు. ఏమి వ్రాయవలెనని బాలుడు మమ్ము అడిగెను. ఉన్నదున్నట్లు వ్రాయుమంటిమి. ఇప్పుడా కాగితము క్రింద మూడు పంక్తులున్నవి: వ్రాసిన బాలుని పేరు, పాడిన అవ్వ పేరు, ఆపైని ‘రామగిరినుండి చెనిక్కాయల పనికి వచ్చినామె’ అని.